ఒక దీవి తాళం, దేశదేశాల వేళ్ళు

కరీబియన్ సముద్రంలోని జమైకా దీవిలో 1960ల చివరి సంవత్సరాలలో రూపు కట్టిన జనసంగీతానికి రెగే అని పేరు. నెమ్మదైన నడక, పాటంతటికీ వెన్నెముకగా నిలిచే బరువైన బేస్ గిటారు, తాళంలో ఎదురుచూడని చోట పడే దెబ్బ దీని బాహ్య లక్షణాలు కాగా, చరిత్రను, దైవవిశ్వాసాన్ని, అణచివేతపై నిరసనను ప్రధాన విషయంగా తీసుకున్న శాఖను రూట్స్ రెగే అంటారు. రూట్స్ అంటే వేళ్ళు. బానిసలుగా ఓడలలో తెచ్చి చెరకుతోటలలో దింపిన ఆఫ్రికన్ల సంతతివారు తాము ఏ నేలకు చెందినవారమో, తమ పేర్లూ భాషలూ దేవుళ్ళూ ఎక్కడ పోయాయో వెతుక్కునే క్రమంలో ఈ మాట సంగీతానికి పేరైంది.

సుమారు 11,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 30 లక్షలకు లోపు జనాభా ఉన్న ఈ చిన్న దీవి సంగీతం ఒక తరం తిరగకముందే ఇంగ్లండులోని పారిశ్రామిక నగరాలకూ, పశ్చిమ ఆఫ్రికా పట్టణాలకూ, న్యూజిలాండ్ మావోరీల ఊళ్ళకూ, బ్రెజిల్ ఈశాన్య తీరానికీ, హిందూ మహాసముద్రంలోని మారిషస్‌కూ చేరి అక్కడివారి సొంత గొంతుగా మారింది. ఇంత దూరం ప్రయాణించిన సంగీతాలు మరికొన్ని ఉన్నప్పటికీ, రెగే ప్రయాణంలో ఒక విశేషం ఉంది. జమైకాను అనుకరించినవారి కంటే, జమైకా ఇచ్చిన చట్రంలో తమ భాషను, తమ డప్పును, తమ ఊరి అన్యాయాన్ని నిలబెట్టినవారే ఈ సంగీత చరిత్రలో ఎక్కువకాలం నిలిచారు. వేళ్ళ గురించిన పాట వెళ్ళిన ప్రతిచోటా స్థానికులను వారి వేళ్ళ గురించే అడిగింది.

పుట్టిన నేల

బ్రిటిష్ పాలనలోని జమైకాలో బానిసత్వం 1830లలో రద్దయింది. ఆ తరువాతి శతాబ్దంలో పల్లెటూళ్ళ బీదజనం మధ్య బాంజో, గిటారు, ఇనుప నాలుకలు బిగించిన చెక్కపెట్టె వంటి వాద్యాలతో సాగిన మెంటో అనే పాటలపద్ధతి ఆ దీవి సంగీతానికి తొలి మెట్టు. 1950లలో అమెరికా రేడియో కేంద్రాల నుండి గాలిలో తేలివచ్చిన రిథమ్ అండ్ బ్లూస్ పాటలు మెంటోతో కలిసి, బాకా వాద్యాలు ముందు నిలిచే వేగవంతమైన స్కా సంగీతం తయారైంది. జమైకా 1962 ఆగస్టు 6న స్వతంత్రమైనప్పుడు వీధులలో మోగింది స్కాయే. 1964లో ఏర్పడిన స్కాటలైట్స్ బృందంలోని ముఖ్య వాద్యకారులలో పలువురు, రాజధాని కింగ్‌స్టన్‌లో కేథలిక్ సన్యాసినులు బీదపిల్లల కోసం నడిపిన ఆల్ఫా బాలుర పాఠశాలలో బాకాలు నేర్చుకున్నవారే. 1966 ప్రాంతంలో నడక నెమ్మదించి, బేస్ గిటారు ముందుకు వచ్చి రాక్‌స్టెడీ అయింది. అది మరింత సాగి, మరింత బరువెక్కి రెగే అయింది. టూట్స్ అండ్ ది మేటల్స్ అనే బృందం 1968లో విడుదల చేసిన ఒక పాట శీర్షిక నుండి ఈ సంగీతానికి పేరు స్థిరపడిందని సంగీత చరిత్రకారులు చెబుతారు.

ఈ మార్పులన్నిటికీ వేదిక సౌండ్ సిస్టమ్. తెలుగు పల్లెలలో పెళ్ళికీ జాతరకూ కట్టే మైకుసెట్టును తలపించే ఈ ఏర్పాటులో, నిలువెత్తు స్పీకరు పెట్టెలనూ ఆంప్లిఫయర్లనూ లారీలో తెచ్చి ఖాళీస్థలంలో పేర్చి, టికెట్టు పెట్టి రికార్డులు వినిపించేవారు. రికార్డు ఎంచి వేసేవాడిని అక్కడ సెలెక్టర్ అనీ, మైకు పట్టుకుని పాట మీద లయబద్ధంగా మాటలు అల్లేవాడిని డీజే అనీ అంటారు. యూ-రాయ్ వంటి డీజేలు ఈ మాటల అల్లికను ప్రత్యేక కళగా నిలబెట్టారు. కింగ్‌స్టన్‌లో పుట్టి 1967లో న్యూయార్క్ వెళ్ళిన కూల్ హెర్క్ అదే పద్ధతిని బ్రాంక్స్ ప్రాంతంలో 1973లో జరిపిన విందులలో కొనసాగించడం వల్ల హిప్‌హాప్ సంగీతానికి కూడా ఈ వీధి మైకుసెట్లే పూర్వీకులయ్యాయి.

తాళంలోని ఖాళీ

రెగే లయను అర్థం చేసుకోవడానికి చేతితో నాలుగు లెక్కపెట్టడం సులువైన మార్గం. సాధారణంగా పాశ్చాత్య జనప్రియ సంగీతంలో ఒకటో లెక్క మీద పెద్ద డ్రమ్ము దెబ్బ పడుతుంది. రెగేలో వన్ డ్రాప్ అని పిలిచే ప్రధాన లయలో ఆ ఒకటో లెక్క మీద డ్రమ్ము మోగదు. మూడో లెక్క మీద పెద్ద డ్రమ్ము, చిన్న డ్రమ్ము అంచుదెబ్బ కలిసి ఒక్కసారిగా పడతాయి. రెండు, నాలుగు లెక్కల మీద గిటారు తీగలను పొట్టిగా మీటి వెంటనే నొక్కివేస్తారు. ఈ రెండింటి మధ్య ఖాళీలలో బేస్ గిటారు నడుస్తుంది. పాట రాగాన్ని గాయకుడి కంటే అదే ఎక్కువగా మోస్తుంది. కర్ణాటక సంగీతం ఎరిగినవారికి తాళంలో దెబ్బతో పాటు చప్పుడు లేని ఉసి కూడా లెక్కలోని భాగమేనన్న సంగతి కొత్త కాదు. రెగేలో ఆ మౌనం తాళం మొదటి మెట్టు మీదే కూర్చుంటుంది. వినేవారి తల, భుజాలు తమకు తెలియకుండానే ఆ ఖాళీని పూరిస్తాయి కనుక పాట నెమ్మదిగా సాగినా శరీరం నిలకడగా ఉండలేదు. బాబ్ మార్లే వెనుక డ్రమ్ములు వాయించిన కార్ల్‌టన్ బారెట్, బేస్ వాయించిన ఆయన అన్న ఆస్టన్ బారెట్ ఈ పద్ధతిని ఎంత పరిపూర్ణంగా సాధించారంటే, తరువాతి తరాల రెగే బృందాలకు అదే పాఠ్యపుస్తకమైంది.

ఈ ఖాళీని ఒక కళగా మలచినవాడు కింగ్ టబ్బీ అనే పేరుతో ప్రసిద్ధుడైన ఆస్‌బోర్న్ రడ్డక్. వృత్తిరీత్యా ఎలక్ట్రానిక్ పరికరాలు బాగుచేసే ఆయన కింగ్‌స్టన్‌లోని తన చిన్న గదిలో, అప్పటికే రికార్డయిన పాటల నుండి గొంతును తీసివేసి, ఒక్కొక్క వాద్యాన్ని ఆపుతూ మళ్ళీ వదులుతూ, మిగిలిన ఒక గిటారు దెబ్బనో ఒక పదం తునకనో ప్రతిధ్వనిగా సాగదీస్తూ కొత్త పాటలు చేశాడు. దీనికి డబ్ అని పేరు. రికార్డు చేసేవాడు సంగీతకర్తతో సమానుడన్న భావన, ఒకే పాటకు అనేక రూపాలు ఉండవచ్చన్న ఆలోచన నేటి ఎలక్ట్రానిక్ సంగీతానికి చేరిన ముఖ్యమైన దారి ఇదే.

విశ్వాసం, వేళ్ళు

రూట్స్ రెగేకు ఆత్మనిచ్చినది రాస్తఫారి విశ్వాసం. జమైకాలోని సెయింట్ ఆన్ ప్రాంతంలో పుట్టిన మార్కస్ గార్వీ 20వ శతాబ్దం తొలి దశాబ్దాలలో నల్లజాతి ప్రజలు ఆఫ్రికాను తమ మాతృభూమిగా గుర్తించి ఆత్మగౌరవంతో నిలబడాలని బోధించాడు. 1930 నవంబరులో ఇథియోపియా చక్రవర్తిగా హైలే సెలాసీ పట్టాభిషిక్తుడైనప్పుడు, జమైకా బీదజనంలో కొందరు ఆయనను బైబిలు వాగ్దానం చేసిన రక్షకుడిగా భావించారు. పట్టాభిషేకానికి ముందు ఆయన పేరు రాస్ తఫారి కావడంతో ఈ మతానికి ఆ పేరు వచ్చింది. దేవుడిని వీరు జా అంటారు. అణచివేసే వ్యవస్థను బాబిలోన్ అనీ, చేరవలసిన పుణ్యభూమిని జయాన్ అనీ పిలుస్తారు.

ఈ విశ్వాసంలో భారతదేశపు జాడ కూడా ఉంది. బానిసత్వం రద్దయ్యాక తోటలలో పనికి 1845 నుండి 1917 వరకు సుమారు 36,000 మంది భారతీయ కూలీలను ఒప్పందం మీద జమైకాకు తీసుకువెళ్ళారు. జమైకాలో నేటికీ వాడే గాంజా అన్న మాట వారితో పాటు వెళ్ళినదే. రాస్తఫారి తొలి బోధకులలో ముఖ్యుడైన లియొనార్డ్ హోవెల్ 1930లలో తన చిన్న పుస్తకాన్ని జి.జి. మరాగ్ అనే కలంపేరుతో ప్రచురించాడు. ఆ పేరులో భారతీయ గురు సంప్రదాయపు ఛాయను పరిశోధకులు గుర్తించారు.

రాస్తఫారీల ప్రార్థనా సమావేశాలలో నాయబింగి అనే వాద్యపద్ధతి ఉంది. అందులో మూడు డోళ్ళు ఉంటాయి: గుండె చప్పుడులా మోగే పెద్దది, స్థిరంగా నడిపే ఫండే, పైన మాట్లాడే రిపీటర్. కౌంట్ ఆసీ అనే వాద్యకారుడు ఈ డోళ్ళను 1960 ప్రాంతంలోనే రికార్డులలోకి తెచ్చాడు. ఆ గుండె చప్పుడే తరువాత రూట్స్ రెగేకు ఆధారలయ అయింది. గార్వీ పుట్టిన ప్రాంతం వాడే అయిన విన్‌స్టన్ రాడ్నీ, బర్నింగ్ స్పియర్ అనే పేరుతో 1975లో గార్వీ పేరు మీదే ఒక ఆల్బమ్ చేసి, పాఠ్యపుస్తకాలు చెప్పని చరిత్రను మంత్రం జపించినట్టు పాడాడు. జోసెఫ్ హిల్ నాయకత్వంలోని కల్చర్ బృందం, సమానహక్కుల గురించి రాజీలేకుండా పాడిన పీటర్ టాష్, ధ్యానగంభీరుడైన బన్నీ వైలర్ 1970ల దశాబ్దపు పెద్దలు. మార్లే వెనుక ఐ త్రీస్‌గా పాడిన రీటా మార్లే, జూడీ మోవాట్, మార్షియా గ్రిఫిత్స్ ముగ్గురూ సొంతంగానూ పేరున్న గాయనులు. మోవాట్ 1979లో నల్లజాతి స్త్రీ జీవితాన్నే విషయంగా తీసుకుని చేసిన ఆల్బమ్ పురుషాధిక్యత బలంగా ఉన్న ఆ రంగంలో ఒక మైలురాయి.

1945లో పుట్టి 1981లో 36 ఏళ్ళకే క్యాన్సరుతో మరణించిన బాబ్ మార్లే ఈ సంగీతాన్ని ప్రపంచం ముంగిట నిలిపాడు. జమైకాలో రెండు పార్టీల అనుచరుల మధ్య హత్యలు సాగుతున్న కాలంలో, 1976 డిసెంబరులో ఆయన ఇంటిపై కాల్పులు జరిగాయి. గాయపడి కూడా రెండు రోజుల తరువాత కచేరీ చేశాడు. 1978 ఏప్రిల్‌లో జరిగిన శాంతి కచేరీలో ప్రధాని మైకేల్ మాన్లీని, ప్రతిపక్ష నాయకుడు ఎడ్వర్డ్ సియాగాను వేదిక మీదికి పిలిచి వారి చేతులు కలిపి పైకెత్తాడు. హింస ఆ రాత్రితో ఆగిపోలేదు. అయినా ప్రజలు నమ్మే గాయకుడు తమ ఎదుట నిలబడి పిలిస్తే అధికారం దిగిరాక తప్పదని ఆ దృశ్యం చూపింది.

చలిదేశంలో కొత్త వేళ్ళు

రెండో ప్రపంచయుద్ధం తరువాత పనికోసం బ్రిటన్ చేరిన కరీబియన్ కుటుంబాల పిల్లలు 1970లలో నిరుద్యోగాన్ని, పోలీసుల సోదాలను, జాతివిద్వేష పార్టీల ఊరేగింపులను ఎదుర్కొన్నారు. బర్మింగ్‌హామ్‌లోని హ్యాండ్స్‌వర్త్ కాలనీలో 1975లో మొదలైన స్టీల్ పల్స్ బృందం 1978లో వెలువరించిన తొలి ఆల్బమ్‌కు తమ కాలనీ పేరే పెట్టింది. జమైకాలోనే పుట్టి లండన్‌లో పెరిగిన కవి లింటన్ క్వేసీ జాన్సన్, తన జనం మాట్లాడే యాసలోనే కవితలు రాసి, డెనిస్ బోవెల్ కూర్చిన రెగే సంగీతం మీద చదివి డబ్ కవిత్వానికి ప్రముఖ ప్రతినిధి అయ్యాడు.

లండన్ పశ్చిమాన పంజాబీలు అధికంగా నివసించే సౌత్‌హాల్‌లో పెరిగిన మిస్టీ ఇన్ రూట్స్ బృందం కథ భారతీయ పాఠకులకు మరింత దగ్గరైనది. 1979 ఏప్రిల్ 23న అక్కడి టౌన్‌హాలులో నేషనల్ ఫ్రంట్ అనే జాతివిద్వేష పార్టీ జరిపిన సభను భారతీయులూ కరీబియన్లూ తెల్లజాతి మిత్రులూ కలిసి నిరసించారు. ఆనాటి పోలీసు చర్యలో న్యూజిలాండ్‌లో పుట్టిన ఉపాధ్యాయుడు బ్లెయిర్ పీచ్ తలకు దెబ్బ తగిలి మరణించగా, మిస్టీ బృందానికి చెందిన క్లారెన్స్ బేకర్ తలకు తీవ్రగాయమై కోమాలోకి వెళ్ళాడు. పంజాబీ, కరీబియన్ కుటుంబాలు ఒకే వీధిలో బతికిన ఇటువంటి వాతావరణం నుండే తరువాత భాంగ్రాను రెగేతో కలిపిన హ్యాండ్స్‌వర్త్ గాయకుడు అపాచీ ఇండియన్ వచ్చాడు. 1996లో తమిళ చిత్రం లవ్ బర్డ్స్‌లో ఎ.ఆర్. రెహమాన్ సంగీతంలో ఆయన పాడటంతో ఆ కలయిక దక్షిణాదికీ చేరింది.

ఆఫ్రికా పలికిన మారుపలుకు

పాటల్లో శతాబ్దాల దూరం నుండి ఆఫ్రికాను పిలిచిన రెగే, 1980 ఏప్రిల్‌లో ఆ నేల మీద నిలబడింది. జింబాబ్వే స్వాతంత్ర్య వేడుకలో పాడటానికి మార్లే వేదిక సామగ్రిని సొంత ఖర్చుతో తరలించాడు. స్టేడియం బయట మిగిలిపోయిన జనం లోపలికి తోసుకురాగా పోలీసులు బాష్పవాయువు ప్రయోగించడంతో కచేరీ కొంతసేపు ఆగింది. మరునాడు సామాన్య జనం కోసం ఆయన మళ్ళీ పాడాడు.

ఐవరీ కోస్టులో 1953లో పుట్టిన సేదూ కోనే, ఆల్ఫా బ్లాండీ పేరుతో తన మాతృభాష జులాలోనూ ఫ్రెంచి, ఇంగ్లీషు, హీబ్రూ, అరబిక్ భాషలలోనూ పాడాడు. పోలీసుల రాత్రిపూట దాడులనూ దెబ్బలనూ గురించి 1980ల ఆరంభంలో జులాలో ఆయన పాడిన బ్రిగేడియర్ సబారీ ఆ ప్రాంతంలో ఇంటింటి పాటయింది. మతాల మధ్య సామరస్యాన్ని కోరుతూ 1986లో చేసిన జెరూసలేం ఆల్బమ్‌కు బాబ్ మార్లే బృందమైన వైలర్స్ వాద్యకారులే సహకరించారు. ఆయన తరువాతి తరంవాడైన టికెన్ జా ఫకోలీ 1968లో అదే దేశపు వాయవ్యంలోని ఒడియెన్నేలో, వంశచరిత్రలను పాడే గ్రియో సంప్రదాయపు ఛాయలో పెరిగాడు. తెలుగువారికి పరిచయమైన భట్రాజుల వలె వంశాలను కీర్తించే ఆ కళను ఆయన తలకిందులు చేసి, పాలకులను నిలదీయడానికి వాడాడు. దేశంలో అంతర్యుద్ధం మొదలయ్యాక ప్రాణభయంతో మాలీలో ప్రవాసం గడిపాడు. 2007లో సెనెగల్ అధ్యక్షుడిని విమర్శించినందుకు ఆ దేశం ఆయనకు ప్రవేశం నిషేధించింది.

దక్షిణాఫ్రికా గాయకుడు లక్కీ డూబే 1964లో పుట్టి, మొదట జూలూ జనసంగీతమైన ఉంబకాంగా పాడి పేరు తెచ్చుకున్నాడు. 1984లో రెగేకు మారి చేసిన తొలి రికార్డును వర్ణవివక్ష ప్రభుత్వం నిషేధించింది. అయినా వెనుతిరగక స్లేవ్, ప్రిజనర్ వంటి ఆల్బమ్‌లు చేసి, ఉంబకాంగా గాత్రబృందాల మెరుపును రెగే బరువుకు జోడించి, ఖండమంతటా అభిమానులను సంపాదించాడు. మద్యానికి బానిస కావడం కూడా బానిసత్వమేనని, జైళ్ళు కట్టినంతగా బడులు కట్టడం లేదని చెప్పిన ఆయన పాటలలో రాజకీయమూ ఇంటి బాధా వేరువేరు కావు. 2007 అక్టోబరు 18న జొహానెస్‌బర్గ్‌లో పిల్లలను కారులో దింపుతుండగా కారు దొంగలు ఆయనను కాల్చి చంపారు. నేరం గురించీ భయం గురించీ పాడిన గాయకుడు ఆ నేరానికే బలికావడం ఆ దేశాన్ని కలచివేసింది.

దక్షిణ సముద్రాల ఆదివాసులు

మార్లే 1979 ఏప్రిల్‌లో ఆక్లండ్‌లో ఇచ్చిన ఒక్క కచేరీ న్యూజిలాండ్ సంగీతంపై చెరగని ముద్ర వేసింది. ఆ ఏడాదే మావోరీలూ పసిఫిక్ దీవులవారూ కలిసిన హెర్బ్స్ బృందం అక్కడ ఏర్పడింది. 1981లో వచ్చిన వారి తొలి రికార్డు అట్టమీద ఆక్లండ్‌లోని బాస్టియన్ పాయింట్ ఫోటో ఉంటుంది. తమ పూర్వీకుల భూమిని ఇళ్ళస్థలాలుగా అమ్మకుండా మావోరీలు 506 రోజులు అక్కడ కూర్చోగా, 1978 మే 25న పోలీసులు, సైన్యం వారిని ఖాళీ చేయించిన దృశ్యమది. ఫ్రాన్సు పసిఫిక్‌లో జరుపుతున్న అణుపరీక్షలను వ్యతిరేకిస్తూ కూడా హెర్బ్స్ పాడింది. మార్లే పుట్టినరోజైన ఫిబ్రవరి 6, మావోరీలు బ్రిటిష్‌వారితో ఒప్పందం చేసుకున్న వైటాంగి దినం కూడా కావడంతో ఆ రోజు అక్కడ రెగే కచేరీలకు ప్రత్యేక సందర్భమైంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మొదలైన ఆదివాసీ బృందం నో ఫిక్స్‌డ్ అడ్రస్ తన పేరులోనే నిలువనీడలేనితనాన్ని చెప్పింది. తమ నేల మీదే పరాయివారైన వారికి, పరాయినేలకు తెచ్చిపడేసినవారి పాట ఇంత దగ్గరగా వినిపించడం సహజమే.

బ్రెజిల్ తీరం

బ్రెజిల్ ఈశాన్యంలోని సావో లూయిస్ నగరాన్ని ఆ దేశస్థులు బ్రెజిల్ జమైకా అంటారు. జమైకా సౌండ్ సిస్టమ్‌కు అక్కడి చెల్లెలైన రాడియోలా చుట్టూ జనం చేరి, జంటలుగా దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా నాట్యం చేయడం ఆ నగరపు ప్రత్యేకత. జమైకావారు సైతం మరచిన పాత రికార్డులు ఇక్కడ ప్రాణప్రదమయ్యాయి. ఈ నగరంలోని అంధుల పాఠశాలలో కలుసుకున్న సంగీతకారులు ట్రిబో డి జా బృందానికి పునాది వేశారు. దక్షిణాన సాల్వడోర్ నగరంలో ఒలోడమ్ బృందం సాంబా డోళ్ళతో రెగే లయను వాయించి సాంబా-రెగే అనే కొత్త పద్ధతికి పేరు తెచ్చింది. రెగే పాటలను పోర్చుగీసులో పాడి దేశమంతటికీ వినిపించిన జిల్బెర్తో జిల్ 2003లో ఆ దేశ సాంస్కృతిక మంత్రి అయ్యాడు.

మారిషస్: నిప్పు మీద కాచిన చర్మం

తెలుగువారికి చరిత్రలోనే బంధుత్వమున్న మారిషస్‌లో రెగే ప్రయాణం అత్యంత సాంద్రమైన రూపం పొందింది. 19వ శతాబ్దంలో గోదావరి తీరంలోని కోరంగి రేవు నుండి ఓడలెక్కి చెరకుతోటలకు వెళ్ళిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉగాది జరుపుకుంటుంది. వారికి ముందే ఆ తోటలలో చెమటోడ్చిన ఆఫ్రికన్, మడగాస్కర్ బానిసల సంతతి క్రియోల్‌లు. వారి సంగీతం సేగా, దాని ప్రధాన వాద్యం రవాన్. గుండ్రటి చెక్కచట్రానికి మేకతోలు బిగించి చేసే ఈ వాద్యాన్ని వాయించే ముందు మంట దగ్గర కాచి తోలును బిగువెక్కిస్తారు. తెలంగాణ, ఆంధ్ర పల్లెలలో డప్పును మంట మీద కాచే దృశ్యం చూసినవారికి రవాన్ వేరొకరి ఇంటి వస్తువుగా తోచదు.

రాజధాని పోర్ట్ లూయీ శివారులోని రోష్ బ్వా అనే బీదవాడలో పుట్టిన జోసెఫ్ రెజినాల్డ్ తోపీజ్, కాయా అనే పేరుతో, సేగా ఊపును రెగే మౌనంతో కలిపి సెగే అనే సంగీతాన్ని తీర్చిదిద్దాడు. ఫ్రెంచి గొప్పగా, క్రియోల్ చిన్నచూపుగా చెలామణి అయ్యే సమాజంలో ఆయన క్రియోల్‌లోనే పాడాడు. దీవిలోని అన్ని జాతులవారూ ఒక్కటిగా నిలవాలని కోరాడు. గంజాయి వాడకాన్ని నేరంగా చూడవద్దని కోరుతూ 1999 ఫిబ్రవరిలో జరిగిన ఒక సభావేదిక మీద గంజాయి తాగాడన్న అభియోగంపై అరెస్టయి, ఫిబ్రవరి 21న పోలీసు నిర్బంధంలో మరణించాడు. ఆ తరువాతి కొద్దిరోజులు దీవి అల్లర్లతో అట్టుడికింది. వాటిలో మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. ఐక్యతను పాడిన మనిషి మరణం జాతుల మధ్య ఉన్న పగుళ్ళను బయటపెట్టడం ఆ దేశం మరువలేని దుఃఖం.

ఐక్యరాజ్యసమితి విద్యా, వైజ్ఞానిక, సాంస్కృతిక సంస్థ యునెస్కో మారిషస్ సంప్రదాయ సేగాను 2014లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. జమైకా రెగేను 2018 నవంబరు 29న అదే జాబితాలో చేర్చిన సమావేశం జరిగింది పోర్ట్ లూయీలోనే, కాయా పుట్టిన వాడ ఉన్న నగరంలో. జాబితాలో జమైకా పేరు ఉండటం న్యాయమే, ఎందుకంటే తాళపు మొదటి మెట్టును ఖాళీగా వదిలే ధైర్యం ఆ దీవిది. ఆ ఖాళీలో జులా మాటలు, మావోరీల భూమిగోడు, జూలూ గాత్రాలు, క్రియోల్ పదాలు వచ్చి కూర్చున్నాయి. సెగే వాయించేవారు నేటికీ మొదట రవాన్‌ను మంట దగ్గర కాస్తారు. లయ జమైకా నుండి వచ్చినా, మోగవలసింది తమ నేల మేకతోలేనని వారికి తెలుసు.